నీటికి వచ్చిన ముప్పును కొలవడం ఎలా?





ఈ పాఠం నీటి గురించి. చెరువు, వాగు, బావి ఎలా పాడవుతాయి? పాడైన నీటి వల్ల మనుషులకు, పశువులకు, చేపలకు, కప్పలకు ఎంత ముప్పు ఉందో ఎలా లెక్క కట్టాలి? ఇదీ విషయం. "ఇది సైన్సు పాఠం కదా, ధమ్మ పాఠాల్లో ఎందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

1. నీటికీ ధమ్మానికీ సంబంధం ఏమిటి?

సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి విడిచాడని మనం చిన్నప్పటి నుండి విన్నాం. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ కథను ఒప్పుకోలేదు. శాక్యులకూ కోలియులకూ మధ్య పారే రోహిణీ నది నీళ్ల కోసం తగాదా వచ్చింది. యుద్ధం చేద్దామని శాక్య సంఘం అంటే సిద్ధార్థుడు వద్దన్నాడు. ఆ కారణంగానే పరివ్రజ్య తీసుకున్నాడని బాబాసాహెబ్ రాశారు. అంటే మన ధమ్మ చరిత్ర మొదటి పేజీలోనే నీళ్లున్నాయి.

తర్వాత మహాడ్. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత సవర్ణులు ఏం చేశారో గుర్తుందా? చెరువు మైలపడిందన్నారు. 108 కుండలతో పెరుగు, పాలు, పేడ, గోమూత్రం చెరువులో పోసి మంత్రాలు చదివి "శుద్ధి" చేశామన్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మనిషి దోసిలి తాకితే నీళ్లకు ఏమీ కాదు. పేడ, మూత్రం కలిస్తే మాత్రం నిజంగానే పాడవుతాయి. కులం ఏది మైల అన్నదో అది మైల కాదు, ఏది శుద్ధి అన్నదో అదే అసలు కాలుష్యం. కొలవకుండా, పరీక్షించకుండా నమ్మితే బుద్ధి ఎంత తలకిందులవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మన కారంచేడు. 1985 జూలైలో మాదిగవాడ తాగునీటి చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడిగి నీళ్లు మురికి చేయొద్దన్నందుకు గొడవ మొదలైంది. మున్నంగి సువార్త తన బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు, జూలై 17న, వాడ మీద పడి ఆరుగురిని చంపారు. ఆ రోజు అడిగింది ఏమిటి? మేము తాగే నీళ్లు మురికి చేయకండి అని, అంతే. మంచినీళ్లు అడగడం మనకు ఎప్పుడూ చిన్న విషయం కాలేదు.

భిక్షువుల నియమాలు కూడా చూడండి. ప్రాణులున్న నీటిని తెలిసి తెలిసి వాడకూడదు. అందుకే భిక్షువు దగ్గర ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి. నీళ్లలో ఉమ్మకూడదు, మలమూత్రాలు విడవకూడదు అన్న నియమం కూడా ఉంది. రెండున్నర వేల ఏళ్ల కింద, సూక్ష్మదర్శిని లేని రోజుల్లో, నీళ్లను ప్రాణుల ఇల్లుగా చూసిన దృష్టి ఇది.

2. ముప్పు అంటే ఏమిటి?

విషం వేరు, ముప్పు వేరు. ఈ తేడా ముందు పట్టుకోవాలి.

పురుగుమందు డబ్బా మూత బిగించి అటక మీద ఉంది. అది విషమే, కానీ ఎవరికీ తగలడం లేదు కాబట్టి ముప్పు తక్కువ. అదే డబ్బాను కాలవలో కడిగారు. కింద పది అడుగుల దూరంలో పిల్లలు ఈత కొడుతున్నారు, గేదెలు తాగుతున్నాయి. విషం అదే, ముప్పు వేరు. కాబట్టి ముప్పు ఉందని చెప్పాలంటే మూడు ఉండాలి:

మూలం: చెడు పదార్థం ఎక్కడి నుండి వస్తోంది?
దారి: అది కాలవ గుండా వస్తోందా, భూమిలో ఇంకి వస్తోందా, చేప ఒంట్లో చేరి వస్తోందా?
తగిలే ప్రాణి: చివరికి ఎవరికి తగులుతోంది? మనిషికా, పశువుకా, చేపకా, పైరుకా?

ఈ మూడింటిలో ఒక్క లింకు తెగినా ముప్పు తగ్గుతుంది. పటిచ్చసముప్పాదం చదువుకున్నవాళ్లకు ఇది కొత్త మాట కాదు. దుఃఖం ఊరికే రాదు, కారణాల గొలుసుగా వస్తుంది. గొలుసులో ఒక కడియం తెంపితే తర్వాతది నిలవదు. నీటి విషయంలో కూడా "మా ఖర్మ" అనుకోవడం ధమ్మం కాదు. కారణం ఎక్కడుందో వెతకడం ధమ్మం.

3. ఎంత ముప్పు? ఒక చిన్న భాగహారం

చాలా పదార్థాలు కొంత మోతాదు వరకు ప్రాణులకు హాని చేయవు. ఆ మోతాదు ఎంతో శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి అంచనా వేస్తారు. దాన్ని "హాని లేని హద్దు" అందాం. మన నీటిలో నిజంగా ఎంత ఉందో ప్రయోగశాలలో కొలుస్తారు. ఇప్పుడు భాగహారం చేయండి:

నీటిలో ఉన్నది ÷ హాని లేని హద్దు

జవాబు 1 కన్నా తక్కువ వస్తే ముప్పు తక్కువ. 1 దాటితే ముప్పు ఉందని అర్థం. 10 వస్తే హద్దుకు పది రెట్లు, 100 వస్తే వంద రెట్లు. పెద్ద పెద్ద నివేదికల్లో ముప్పు అంచనా అని వందల పేజీలు రాసేదాని గుండెకాయ ఈ చిన్న లెక్కే. మీ ఇంట్లో ఏడో తరగతి చదివే పాప చేయగలదు. ఇప్పుడు ఈ లెక్కను నిజమైన చోట వేసి చూద్దాం.

4. పటాన్‌చెరు చెప్పే పాఠం

హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలున్నాయి. మందుల కంపెనీలు చాలా ఉన్నాయి. అక్కడి ఇసుకవాగు నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో. 1990 నుండి ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు నడిచింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. గమనించండి, ఇది శుద్ధి చేసిన తర్వాత వచ్చే నీరు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. జ్వరానికి, విరేచనాలకు డాక్టరు రాసే మందే అది. ఆ మందు బిళ్ల వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా కాలవ నీటిలోనే ఎక్కువ ఉంది! రోజుకు దాదాపు 45 కిలోల మందు అలా నీళ్లలో పోతోందని లెక్క తేలింది. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులకు వాడే మందు అది.

ఇప్పుడు మన భాగహారం. సిప్రోఫ్లాక్సాసిన్‌కు మందుకు లొంగని సూక్ష్మజీవులను పెంచకుండా ఉండే హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు అని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. 31 మిల్లీగ్రాములంటే 31,000 మైక్రోగ్రాములు.

31,000 ÷ 0.064 = సుమారు 4,84,000

హద్దుకు నాలుగు లక్షల ఎనభై నాలుగు వేల రెట్లు! ఇంకో విధంగా చెప్పుకుందాం. 15 లీటర్ల బిందెడు ఆ నీటిని హద్దులోకి తేవాలంటే 5,000 లీటర్ల ట్యాంకర్లతో సుమారు 1,450 ట్యాంకర్ల మంచినీళ్లు కలపాలి.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. "అది పైపు నుండి వచ్చే నీరు కదా, వాగులో చెరువులో కలిస్తే పలచబడదా?" మంచి ప్రశ్నే. అడగాల్సిందే. జవాబు 2009లో వచ్చిన మరో పరిశోధనలో ఉంది. ఆ ప్రాంతంలోని చెరువు నీటినే పరీక్షిస్తే లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు అదే మందు దొరికింది. భాగహారం చేస్తే హద్దుకు లక్ష రెట్లు. ఆరు గ్రామాల బావుల్లో కూడా మందుల జాడలు దొరికాయి. అంటే మూలం ఉంది, దారి ఉంది, తగిలే ప్రాణి ఉంది. గొలుసు పూర్తయింది.

కప్పల సంగతి కూడా వినండి. ఆ శుద్ధి కేంద్రం నీటిని 1,000 లీటర్లలో 2 లీటర్ల చొప్పున పలచన చేసి, అందులో కప్ప పిల్లలను పెంచి చూశారు. వాటి బరువు 40 శాతం తగ్గింది. కప్ప పిల్ల పోతే మనకేమిటి అంటారా? కప్పలు తగ్గితే దోమలూ పురుగులూ పెరుగుతాయి, కప్పలను తినే పక్షులు, పాములు తగ్గుతాయి. మెత్తా అంటే మనుషుల మీద ప్రేమ ఒక్కటే కాదు, సకల ప్రాణుల మీద. ఇక్కడ మెత్తా, లెక్క రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

మనిషికి ఏమవుతుంది? నీటిలో నిత్యం మందు ఉంటే దానికి లొంగే సూక్ష్మజీవులు చస్తాయి, లొంగనివి బతికి పెరుగుతాయి. ఆ లొంగని గుణాన్ని ఇతర సూక్ష్మజీవులకు కూడా అందిస్తాయి. రేపు వాడలో పసిబిడ్డకు జబ్బు చేసి పి.హెచ్.సి.కి తీసుకెళితే అక్కడి మందు పని చేయదు. ఖరీదైన మందు కావాలంటారు. కొనలేని తల్లి ఏం చేయాలి? ఈ ముప్పుకు ఊరి పొలిమేర, దేశ సరిహద్దు ఉండవు, కానీ దెబ్బ ముందు తగిలేది డబ్బు లేనివాళ్లకే.

5. ముప్పును పక్కకు జరపడం పరిష్కారమా?

తర్వాతి సంవత్సరాల్లో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీటిని నక్కవాగు వైపు వదలకుండా పైపులైను ద్వారా అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. అక్కడి నుండి నీరు చేరేది మూసీలోకి. మూసీ నల్గొండ పల్లెల మీదుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే మొదట గోదావరి వైపు పోయే నీరు ఇప్పుడు కృష్ణ వైపు పోతోంది. మంజీర ఒడ్డు పల్లెలకు కొంత ఊరట దొరికింది, నిజమే. కానీ మూసీ నీటితో వరి పండించే రైతు, ఆ మడిలో మోకాలి లోతు నీళ్లలో నాట్లు వేసే కూలి తల్లి సంగతి ఏమిటి? ఒకరి దుఃఖాన్ని తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడం దుఃఖ నిరోధం కాదు. ముప్పు లెక్క వేసేటప్పుడు "నీళ్లు మా ఊరు దాటాక ఎక్కడికి పోతాయి?" అని తప్పక అడగాలి.

6. ఫ్యాక్టరీ లేని ఊళ్లో

"మా ఊళ్లో కంపెనీలు లేవు, మాకు ముప్పు లేదు" అనుకోవద్దు. ఊరి మురుగు చాలు.

మురుగు చెరువులో పడితే దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. మురుగులోని ఎరువు గుణం వల్ల పాచి, గుర్రపుడెక్క పెరుగుతాయి. పాచి పగలు ఎండలో ప్రాణవాయువును ఇస్తుంది కానీ రాత్రంతా పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చేపలు నోళ్లు తెరిచి పైకి తేలేది ఆ వేళే. మధ్యాహ్నం వచ్చి పరీక్ష చేసిన అధికారికి "అంతా బాగుంది" అనిపించవచ్చు. కాబట్టి నమూనా ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అన్నది కూడా నిజంలో భాగమే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన కొన్ని హద్దులు రాసి పెట్టుకోండి. చేపలు, ఇతర జలచరాలు బతకడానికి లీటరు నీటిలో కరిగిన ప్రాణవాయువు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి. మనుషులు స్నానం చేసే నీటిలో కనీసం 5 ఉండాలి, మురుగు భారాన్ని చూపే బి.ఓ.డి. 3 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా తెలియదు. కాచినా పోదు. డబ్బా పాలు కలుపుకునే పసిబిడ్డలకు అది ఎక్కువ చేటు. నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి మంచివే అనుకోవడం, మురికిగా కనిపించాయి కాబట్టి విషమే అనుకోవడం, రెండూ పొరపాటే.

7. ఎవరి ముప్పును లెక్కిస్తున్నాం?

నివేదికల్లో సాధారణంగా ఒక సగటు మనిషిని ఊహించుకుని లెక్క వేస్తారు. మన వాడలో ఆ సగటు మనిషి ఎవరు? చాలా ఊళ్లలో వాడ పల్లానికి ఉంటుంది, ఊరి మురుగు అటే పారుతుంది. మురుగు కాలవలో దిగేది మనవాళ్లే. చెరువు చేప, నత్త, పీత ఎక్కువగా తినేది మనవాళ్లే. బట్టలు ఉతికే తల్లి గంటల తరబడి ఆ నీళ్లలో నిలబడుతుంది. పిల్లవాడి ఒళ్లు చిన్నది, కాబట్టి అదే మోతాదు వాడికి ఎక్కువ పని చేస్తుంది. వీళ్లను లెక్కలో పెట్టకుండా "సగటున ముప్పు లేదు" అంటే ఆ సగటులో మనం లేమని అర్థం.

కొందరు "ఆర్.ఓ. క్యాను కొనుక్కుంటే సరిపోతుంది కదా" అంటారు. మన తాగునీటి వరకు ఆ క్యాను ఉపయోగమే. కానీ గేదె క్యాను కొనుక్కోదు, కొంగ కొనుక్కోదు, పైరు కొనుక్కోదు. క్యాను ఒక ఇంటికి తగిలే దారిని మూస్తుంది. మూలం అలాగే ఉంటుంది.

8. అనుమానం ఉన్నప్పుడు ఏం చేయాలి?

అన్ని లెక్కలూ తేలేదాకా ఆగుదామని కొందరు అంటారు. కానీ తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. ముప్పు లేనిచోట ఉందనుకుంటే కొంత డబ్బు, కొంత కాలం నష్టం. ముప్పు ఉన్నచోట లేదనుకుంటే చెరువే పోతుంది, భూగర్భ జలం తరాల పాటు తేరుకోదు. రెండు తప్పులూ సమానం కావు.

హైదరాబాద్ తాగునీటి చెరువులైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ సమీపంలో ఒక పరిశ్రమ పెట్టడం మీద వచ్చిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చెప్పింది. హాని జరుగుతుందని ప్రజలు నిరూపించాలని కాదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవారే చూపించాలి అన్నది దాని సారం. మన రాజ్యాంగంలో 51ఎ(జి) అధికరణ కూడా ఉంది. 1976లో చేర్చిన ఆ ప్రాథమిక విధి నదులను, చెరువులను కాపాడమని, ప్రాణుల పట్ల కరుణ చూపమని చెబుతుంది. కరుణ అన్న మాట చట్టంలోనే ఉంది!

అలాగని ప్రతి పుకారునూ నమ్మమని కాదు. కాలాములకు తథాగతుడు ఏం బోధించారు? ఎవరో చెప్పారనో, పుస్తకంలో ఉందనో, పెద్దవాళ్లన్నారనో నమ్మవద్దు, స్వయంగా పరిశీలించి హాని ఏదో మేలు ఏదో తెలుసుకోమన్నారు. కంపెనీ మాటకూ అదే కొలత, మన మాటకూ అదే కొలత.

9. ఆచరణ

ఈ నెల ఉపోసథ దినాన విహారంలో ఈ పాఠం చదువుకున్నాక కింది పనులు మొదలుపెట్టండి.

ఒకటి. ఊరి పటం గీయండి. చెరువు, వాగు, బోర్లు, మురుగు కాలవలు, వాడ, పొలాలు, కోళ్ల ఫారాలు, ఫ్యాక్టరీలు గుర్తు పెట్టండి. నీళ్లు ఎటు నుండి ఎటు పారతాయో బాణాలు వేయండి. మూలం, దారి, తగిలే ప్రాణి అందులోనే కనిపిస్తాయి.

రెండు. ఒక నోటుపుస్తకం పెట్టండి. నీటి రంగు, వాసన, నురగ, చచ్చిన చేపలు, కప్పల అరుపులు తగ్గడం, పశువుల జబ్బులు, అన్నీ తేదీ, వేళ వేసి రాయండి. ముసలివాళ్లను అడిగి ఒకప్పుడు చెరువులో ఏ చేపలుండేవో, ఇప్పుడు ఏవి లేవో రాయండి. ఏడాది తిరిగేసరికి అది పెద్ద సాక్ష్యం అవుతుంది.

మూడు. నీటి పరీక్ష చేయించమని పంచాయతీని రాతపూర్వకంగా అడగండి. వాడ బోరు నుండి కూడా నమూనా తీయమనండి. ఫలితం కాగితం మీద తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

నాలుగు. ఫలితం వచ్చాక భాగహారం చేయండి. 1 దాటినవాటి కింద ఎర్ర గీత గీయండి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాసేటప్పుడు ఆ లెక్క జతచేయండి.

ఐదు. కొత్త పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే తప్పక వెళ్లండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. ముందు చదవండి. అక్కడ కేకలు వేయడం కన్నా మూడు ప్రశ్నలు అడగడం మేలు: నీళ్లలో ఏం వదులుతారు? అది ఎటు పోతుంది? మా వాడవాళ్లకు, పశువులకు, చేపలకు ఎంత తగులుతుంది? జవాబులు మినిట్స్‌లో రాయించండి.

ఆరు. మన వంతు. పురుగుమందు డబ్బాలు చెరువులో కడగవద్దు. మిగిలిన మందుబిళ్లలు కాలవలో పారేయవద్దు. యాంటీబయాటిక్‌ను డాక్టరు చెప్పకుండా కొని వాడవద్దు. మనం చేస్తూ ఇతరులను అడగలేం.

చర్చకు ప్రశ్నలు

1. మహాడ్‌లో చెరువును "శుద్ధి" చేసినవారు చూసిన మైలకూ, నిజమైన కాలుష్యానికీ తేడా ఏమిటి?
2. మన ఊరి నీటికి మూలం, దారి, తగిలే ప్రాణి చెప్పండి. ఏ కడియం తెంపడం మన చేతిలో ఉంది?
3. ఒక బోరు నీటిలో నైట్రేట్ లీటరుకు 90 మిల్లీగ్రాములు ఉంది. భాగహారం చేయండి. ఆ ఇంట్లో మూడు నెలల పాప ఉంటే మీరేం చెబుతారు?
4. ముప్పును పక్క ఊరికి జరపడం ఎందుకు ధమ్మం కాదు?

మిత్రులారా, నీళ్లు తాగే హక్కు కోసం మన పెద్దలు దెబ్బలు తిన్నారు. ఆ హక్కు మనకు దక్కింది. ఇప్పుడు చెరువు దగ్గరికి వెళ్లొద్దని ఎవరూ అనకపోవచ్చు, కానీ వెళ్లి దోసిలి పడితే అందులో ఏముందో మనకు తెలియాలి. తెలుసుకోండి, లెక్క కట్టండి, పదిమందికి చెప్పండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!